ఇద్దరికే చోటు

ఐదు వేల మీటర్ల పరుగులో సింధూజ మూడోదిగా వచ్చింది. రెండో అమ్మాయికీ ఆమెకూ మధ్య పద్నాలుగు సెకన్ల తేడా. 2022 డిసెంబరులో నిజామాబాద్‌లోని ఒక మట్టి ట్రాక్ మీద యూనివర్సిటీ జట్టు ఎంపిక కోసం పెట్టిన పోటీ అది. దేశంలోని యూనివర్సిటీలన్నీ కలిసి ఆడే పోటీలకు ఒక్కో అంశంలో ఇద్దరినే పంపుతారు. మొదట వచ్చిన సుష్మది మోర్తాడ్, ఎంఏ రెండో ఏడాది. తర్వాత వచ్చినామె ఎమ్మెస్సీ చదువుతోంది. సింధూజకు పందొమ్మిదేళ్ళు, బోధన్‌లో డిగ్రీ రెండో ఏడాది.

ఆ ఏడాది తన పేరు ఖాయమని వేసవి నుంచే ఆమె ధీమాగా ఉంది. అంతకుముందు డిగ్రీ అయ్యాక ఒక్క ఏడాది మాత్రమే యూనివర్సిటీ తరఫున ఆడనిచ్చేవారు. ఆ లెక్కన పై ఇద్దరికీ గడువు అయిపోయినట్టే. కానీ దసరా సెలవుల తర్వాత ఒక ఉత్తర్వు వచ్చింది. కరోనా వల్ల పోటీలు రద్దయ్యాయి కాబట్టి పై చదువుల్లో ఉన్నవాళ్ళు ఇంకో ఏడాది ఆడవచ్చని అందులో ఉంది. కాలేజీ వ్యాయామ అధ్యాపకుడు దశరథం సార్ దాన్ని నోటీసు బోర్డుకు అంటిస్తుంటే సింధూజ పక్కనే నిలబడి చదివింది. మొదటిసారి చదివినప్పుడు అది తన గురించి అని ఆమెకు తట్టలేదు.

ట్రాక్ పక్కన బూట్లు విప్పకుండానే ఆమె సార్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, గా కాగితం రాకపోతే నేనే ఫస్టు గద?"

"అవును," అన్నాడు దశరథం సార్.

"మరి నేను జేసిన తప్పేంది?"

"నీ తప్పేం లేదు సింధూజా. వాళ్ళది గూడ లేదు. వాళ్ళ ఏడాది కరోనాల పోయింది, గందుకే ఇచ్చిండ్రు."

"వాళ్ళకు ఇచ్చింది నా కాడికెల్లి తీసి ఇచ్చిండ్రు సార్."

దశరథం సార్ చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు.

సింధూజది రుద్రూర్ దగ్గరి పల్లె. తండ్రి లింబయ్య రెండెకరాల్లో వరి, ఎకరంలో చెరకు వేస్తాడు. తల్లి ఈరవ్వ తమ పొలం పనయ్యాక పక్కవాళ్ళ నాట్లకూ పోతుంది. ఐదో తరగతిలోనే సింధూజ గురుకుల బడిలో చేరింది. తెల్లారి ఐదింటికి విజిల్ వేసి మైదానం చుట్టూ పరిగెత్తించే ఆ బడిలో మిగతా పిల్లలు సాకులు వెతుక్కుంటే, ఈమె విజిల్ కంటే ముందే లేచి జడ వేసుకుని కూర్చునేది. పరుగు ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎవరూ మాన్పించనూ లేదు. ఇంటర్లో జిల్లా మొదటి స్థానం వచ్చింది. డిగ్రీ అయ్యాక ఇంట్లో మరి చదివిస్తారో లేదో తెలియదు. కాబట్టి తన చేతిలో ఉన్నవి ఈ మూడేళ్ళేనని ఆమె లెక్క. అందులో రెండోది ఆ రోజు పద్నాలుగు సెకన్లలో పోయింది.

బస్టాండుకు వెళ్ళే ఆటోలో సుష్మ ఆమె పక్కనే కూర్చుంది.

"నా మీద కోపమున్నదా చెల్లె?" అని సుష్మే అడిగింది.

"ఉన్నదక్కా."

"ఉండనీ. డిగ్రీ ఆఖరి ఏడు నేను మస్తు స్పీడుల ఉంటి. గా ఏడు పోటీలే పెట్టలే. ఇంట్ల కూసోని పసుపు కొమ్ములు ఏరుకుంట ఉన్న. నా ఏడు నాకెవలు ఇస్తరు?"

"మరి నాదెవలు ఇస్తరక్కా?"

సుష్మ తల తిప్పుకుంది. బస్టాండులో దిగాక ఆమె మోర్తాడ్ బస్సు వైపు, ఈమె బోధన్ బస్సు వైపు వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాన్నాళ్ళు సుష్మ ఈమెను చూస్తే ముఖం తప్పించి పోయేది.

మర్నాడు దశరథం సార్ సింధూజను తన గదికి పిలిచాడు. బల్ల మీద యూనివర్సిటీకి పంపాల్సిన పేర్ల పట్టిక ఉంది. వేలు కిందికి జరిపి ఒక చోట ఆపాడు. మహిళలు, ఇరవై కిలోమీటర్ల నడక. ఎదురుగా రెండు గళ్ళూ ఖాళీ.

"మూడేండ్ల సంది గిట్లనే పంపుతున్నం. నడుస్తవా?"

"నడుసుడా సార్?" సింధూజకు ముఖం మీద కొట్టినట్టయింది. "నేను ఉరికేదాన్ని."

"తెలుసు. రేపు సాయంత్రం లోపల చెప్పు."

ఇంట్లో చెబితే లింబయ్య నవ్వాడు. "నడిచెతందుకు గూడ పోటీలు పెడ్తరా? మీ అవ్వను తోలుకపొమ్మను. పొద్దుగాల పొలం కాడికి పోతాంటే నేను సైకిల్ మీద గూడ అందుకోను."

ఈరవ్వ నవ్వలేదు. బియ్యం చాటలో రాళ్ళు ఏరుతూ, "ఎన్ని దినాలున్నయే?" అని అడిగింది.

"ఇరవై ఆరు."

"మరి గీడ కూసుంటే ఎట్ల?"

ఫోన్‌లో వీడియోలు చూసి సింధూజ నియమాలు తెలుసుకుంది. ఏ క్షణంలోనైనా ఒక పాదం నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పటి నుంచి శరీరం దాని మీదికి వచ్చేవరకు మోకాలు వంగకూడదు. దారి పక్కన నిలబడే నిర్ణేతలు కళ్ళతోనే చూస్తారు. తప్పు కనిపిస్తే ఎర్ర కార్డు రాస్తారు. ముగ్గురు రాస్తే బయటికి పంపేస్తారు. వినడానికి సులువు. చేస్తే రెండో రోజుకే మోకాలి కింద ఎముక వెంట మంట మొదలైంది. పరిగెత్తే కాళ్ళకు నేల వదలడమే అలవాటు. ఇప్పుడు వదలొద్దంటే వినవు.

ఊళ్ళో నవ్వులు వేరే. వేగంగా నడవాలంటే నడుము అటూ ఇటూ తిరుగుతుంది. నిజాంసాగర్ కాలువ గట్టు మీద ఆమె అలా పోతుంటే ట్రాక్టర్ల వాళ్ళు నెమ్మదించి మరీ చూసి పోయేవారు. ఒకతను పాట అందుకున్నాడు. మూడో రోజున సింధూజ చున్నీ నడుముకు గట్టిగా బిగించి కట్టి, అదే ట్రాక్టరుకు ఎదురు నడిచింది. చూసేవాళ్ళు చూసి చూసి అలిసిపోయేదాకా రోజూ అదే వేళకు, అదే గట్టు మీద నడిచింది.

నవ్వులకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. పాదం లేస్తోందో లేదో తనకు తెలియదు. ఎవరైనా కిందినుంచి చూసి చెప్పాలి. ఆ రోజుల్లో మరాఠ్వాడా నుంచి చెరకు కొట్టే కూలీలు వచ్చి కాలువ పక్కనే గుడారాలు వేసుకున్నారు. వాళ్ళలో తారాబాయి అనే నడివయసు ఆమె మధ్యాహ్నం గట్టు వాలున కూర్చుని రొట్టె తినేది. ఆమె కళ్ళు సరిగ్గా సింధూజ పాదాల ఎత్తులో ఉండేవి. ఒకరోజు సింధూజ ఆగి, తనకు వచ్చిన నాలుగు మరాఠీ ముక్కలూ చేతి సైగలూ కలిపి విషయం చెప్పింది. రెండు పాదాలూ ఒకేసారి గాలిలో కనిపిస్తే అరవమంది.

తారాబాయి రొట్టె మూట పక్కన పెట్టి, తల ఇంకా కిందికి వంచి కూర్చుంది. సింధూజ దాటగానే, కాలు లేచిందని మరాఠీలో అరిచింది. "ఉచల్లా! పాయ్ ఉచల్లా!"

వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది. మళ్ళీ "ఉచల్లా!" అయిదారుసార్లయ్యాక మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చి వరసగా కూర్చున్నారు. పదిమంది ఒకేసారి "ఉచల్లా" అని అరుస్తుంటే సింధూజకు నవ్వొచ్చి ఆగిపోయేది. మూడో వారానికి తారాబాయి అరవడం తగ్గింది. ఒక మధ్యాహ్నం సింధూజ నాలుగుసార్లు దాటినా ఆమె నోరు తెరవలేదు. రొట్టె తింటూనే కూర్చుంది.

పోటీలు జనవరిలో ఒడిశాలో జరిగాయి. సింధూజ తొమ్మిది కిలోమీటర్ల వరకు పదో స్థానంలో ఉంది. అక్కడ పక్కనుంచి ఇద్దరు దాటిపోయేసరికి పరుగు బుద్ధి లేచింది. వేగం పెంచింది. పద్నాలుగో కిలోమీటరు దగ్గర ముఖ్య నిర్ణేత ఎర్ర పలక చూపించాడు. మూడు కార్డులు పడ్డాయి. ఆమె దారి దిగి కాలిబాట మీద కూర్చుంది. కాస్త దూరంలో నీళ్ళ బల్ల దగ్గర నిలబడిన సుష్మ చూసింది. ఐదు వేల మీటర్లలో సుష్మకు ముందు రోజే ఏడో స్థానం వచ్చింది. నీళ్ళ సీసా తెచ్చి సింధూజ పక్కన పెట్టి, మాట్లాడకుండానే వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాదికి సుష్మ చదువు అయిపోయింది. ఎమ్మెస్సీ అమ్మాయీ వెళ్ళిపోయింది. దశరథం సార్ సంతోషంగా పట్టిక తెచ్చాడు.

"ఇగో, ఐదు వేలు ఖాళీ అయింది. ఇగ నీదే."

సింధూజ ఆ గడిని చాలాసేపు చూసింది. ఏడాది కింద దానికోసం ఏడ్చింది.

"నడకల నా పేరు రాయండి సార్."

"ఎందుకే? ఇప్పుడు నీకు అడ్డం ఎవలున్నరు?"

"ముగ్గురు కలిసి నన్ను దించిండ్రు సార్. నేను ఇరవై పూర్తిగ నడవాలె."

ఆ ఏడాది నడిచింది. ఒక్క కార్డూ పడలేదు. పదకొండో స్థానం వచ్చింది. గీత దాటాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందు నిర్ణేతల బోర్డు చూసి, తర్వాతే గడియారం చూసింది.

డిగ్రీ అయ్యాక వ్యాయామ విద్యలో రెండేళ్ళ బీపీఈడీకి నిజామాబాద్‌లో సీటు వచ్చింది. లింబయ్య ఏమంటాడో అనుకుంది కానీ, కూతురి ఫొటో జిల్లా పేపర్లో వచ్చినప్పటి నుంచి ఆయన ట్రాక్టరు వాళ్ళతో గొడవ పడడం మొదలుపెట్టాడు. "నవ్వుడు కాదు, ఒక కిలోమీటరు గట్ల నడిచి సూడు," అనేవాడు. సీటు సంగతి చెప్పగానే, "పో, సదువు" అన్నాడు.

అక్కడే ఆమెకు కావ్య పరిచయమైంది. సిరికొండ అడవి వైపు తండా దాటి ఉన్న ఊరు వాళ్ళది. నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. నాకూ నేర్పక్కా అని వచ్చింది. సింధూజ నేర్పింది. రోజూ పొద్దున ఇద్దరూ కలిసే నడిచేవారు. ఆ ఏడాది గళ్ళు రెండు, పేర్లు రెండు. ఇద్దరూ వెళ్ళారు. సింధూజకు ఎనిమిది, కావ్యకు ఇరవై రెండు.

చిక్కు 2025లో వచ్చింది. ఆర్మూర్ నుంచి కొత్తగా డిగ్రీలో చేరిన ఒకమ్మాయి అప్పటికే నడకలో రాష్ట్ర స్థాయిలో ఆడి వచ్చింది. ఇప్పుడు పేర్లు మూడు. కావ్యకు అది డిగ్రీ ఆఖరి ఏడాది. ఆ తర్వాత చదివే వీలు లేదని ఇంట్లో ముందే చెప్పేశారు. సింధూజకు అది డిగ్రీ తర్వాత రెండో ఏడాది. పాత పద్ధతి ఉంటే ఆమె గడువు అయిపోయేది. కరోనా పేరుతో ఇచ్చిన ఆ అదనపు ఏడాదిని తర్వాత ఎవరూ తీసేయలేదు.

ఎంపిక పోటీ ఇంకా పది రోజులుందనగా, నడక ముగిసి ఇద్దరూ కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు కావ్య అడిగింది.

"అక్కా, నువ్వు గీ సారి గూడ దిగుతున్నవా?"

"దిగుతున్న."

"నాకిదే ఆఖరు."

"తెల్సు కావ్యా."

కావ్య లేచి దుమ్ము దులుపుకుని హాస్టల్ వైపు వెళ్ళింది. మర్నాడు పొద్దున రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సింధూజ ఒంటరిగా నడుస్తూ ఆలోచించింది. తప్పుకోవచ్చు. తప్పుకుంటే అందరూ మంచిదంటారు. కానీ ఆమె ఇరవై కిలోమీటర్ల సమయం ఆ ఏడాదే గంటా యాభై నిమిషాల లోపలికి దిగింది. మూడేళ్ళుగా కట్టుకున్నదంతా ఇప్పుడే కాళ్ళలోకి వచ్చింది. దాన్ని వదిలేసి ఇంట్లో కూర్చోవడానికి మనసు ఒప్పలేదు. ఒప్పలేదని తెలిసి తన మీద తనకే విసుగు కూడా వేసింది. ఆటోలో సుష్మను తను అడిగిన మాట ఇప్పుడు కావ్య అడగకుండానే అడిగి వెళ్ళింది.

ఆ సాయంత్రం సుష్మకు ఫోన్ చేసింది. సుష్మ మోర్తాడ్‌లోనే ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. విషయమంతా విని అడిగింది.

"నన్నెందుకు అడుగుతున్నవే?"

"నువ్వు గప్పుడు తప్పుకోలే గద."

"తప్పుకోలే. ఉరికినందుకు నేనిప్పటికీ సిగ్గుపడ. కని ఆటో దిగినంక నిన్ను జూస్తే మొకం తిప్పుకున్న సూడు, గది మాత్రం యాదికొస్తె నాకే మంచిగనిపియ్యదు. ఒడిశాల నువ్వు కింద కూసుంటే పక్కకొచ్చి గూడ ఒక్క మాట అనలేకపోయిన."

ఫోన్ పెట్టేశాక సింధూజ చెప్పులేసుకుని నేరుగా కావ్య హాస్టల్‌కు వెళ్ళింది. వార్డెన్‌ను అడిగి కిందికి పిలిపించింది.

"నేను తప్పుకోను," అంది ముందే. "తప్పుకుంట అని చెప్పెతందుకు రాలేదు. నాకు నడవాలని ఉన్నది. నీకు అన్యాయమే, గది గూడ నాకు తెల్సు."

కావ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి ఎందుకొచ్చినవక్కా?"

"రేపు పొద్దుగాల ఐదున్నరకు రా. ఎడమ కాలు దించేటప్పుడు నీ మోకాలు వంగుతున్నది. నేను గెలవాలంటే గది చెప్పకుంట ఉండాలె. అట్ల గెలిచుడు నాకొద్దు."

కావ్య లోపలికి వెళ్ళిపోయింది. కానీ పొద్దున ఐదున్నరకు మైదానం గేటు దగ్గర నిలబడి ఉంది. మిగిలిన వారం రోజులూ ఇద్దరూ కలిసి నడిచారు. మాటలు తక్కువ. మోకాలు, మడమ, భుజం, అంతే.

ఎంపిక పోటీలో ఆర్మూర్ అమ్మాయి మొదట వచ్చింది. పద్దెనిమిదో కిలోమీటరు దాకా సింధూజ, కావ్య భుజం భుజం కలిపి నడిచారు. చివరి రౌండులో సింధూజ ముందుకు జరిగింది. తొమ్మిది సెకన్లు. కావ్య మూడోది.

సింధూజ గీత దగ్గరే నిలబడి ఆమె వచ్చేదాకా చూసింది. దగ్గరికి రాగానే కావ్య ఆమె చేతిని పక్కకు తోసేసింది. "జర ఆగక్కా. గిప్పుడే నాతోని మాట్లాడకు." సింధూజ ఆగింది. కావ్య మైదానం చుట్టూ ఒక రౌండు మామూలు నడక నడిచి, ముఖం కడుక్కుని తిరిగి వచ్చే వరకు అక్కడే ఉంది.

"తొమ్మిది సెకన్లు," అంది కావ్య.

"నాది పద్నాలుగుండె," అంది సింధూజ.

డిసెంబరు చివర్లో జరిగిన పోటీల్లో సింధూజకు నాలుగో స్థానం వచ్చింది. పతకానికి పన్నెండు సెకన్లు తక్కువ. గెలిచి ఉంటే ఆ అదనపు ఏడాదికి ఒక సమాధానం దొరికేదేమో. దొరకలేదు. ఒక అమ్మాయి చోటు తీసుకుని పతకం లేకుండా తిరిగి వస్తున్నానని రైల్లో ఆమె చాలాసేపు కిటికీకి తల ఆనించి కూర్చుంది. కానీ నడిచినందుకు చింతించలేదు. ఇరవై కిలోమీటర్లను అంత తక్కువ సమయంలో ఆమె అంతకుముందు ఎప్పుడూ నడవలేదు.

తిరిగి వచ్చిన మర్నాడే బోధన్ వెళ్ళి దశరథం సార్‌ను కలిసింది. రెండు విషయాలు అడిగింది. ఒకటి, ప్రతి అంశంలోని రెండు చోట్లలో ఒకటి డిగ్రీ పిల్లలకే ఉంచాలని యూనివర్సిటీకి ఒక దరఖాస్తు రాయాలి. సార్ రాస్తానన్నాడు. దానిమీద మొదటి సంతకం సింధూజదే. అది ఇంకా పరిశీలనలోనే ఉందట. రెండోది, ఫిబ్రవరిలో రాష్ట్ర ఓపెన్ పోటీలు ఉన్నాయి. అక్కడ ఎవరు ఏ తరగతి, ఎన్నో ఏడాది అని అడగరు. నడవగలిగినవాళ్ళంతా నడవవచ్చు. దానికి కావ్య పేరు కూడా పంపించమంది.

"ఆ పిల్ల వస్తదా?" అన్నాడు సార్.

"నేను తోలుకొస్త."

కావ్య మొదట రానంది. డిగ్రీ పరీక్షలున్నాయంది. బూట్లు అరిగిపోయాయంది. సింధూజ తన రెండో జత బూట్లు ఇచ్చి, పొద్దున గేటు దగ్గర నిలబడడం మానలేదు. నాలుగో రోజు కావ్య వచ్చింది.

ఓపెన్ పోటీలో పదిహేడు మంది నడిచారు. పన్నెండో కిలోమీటరు వరకు సింధూజ రెండో స్థానంలో ఉంది. ఆ తర్వాత తన వెనక అడుగుల చప్పుడు దగ్గరవుతూ వినిపించింది. ఆ చప్పుడు ఎవరిదో ఆమెకు చూడకుండానే తెలుసు. కావ్య పక్కకు వచ్చింది, ఆమె వైపు తిరగలేదు, దాటిపోయింది. ఆ ఎడమ మోకాలు ఎక్కడా వంగలేదు. సింధూజ వెంటబడింది. ఆఖరి రెండు కిలోమీటర్లలో దూరం తగ్గించింది కానీ అందుకోలేకపోయింది. కావ్యకు రెండో స్థానం, సింధూజకు మూడు. ఇద్దరి మధ్య ముప్పై ఒక్క సెకన్లు.

ఓడినందుకు సింధూజకు ఉడుకుమోత్తనంగా ఉంది. అదే సమయంలో, ఎదురుగా నేల మీద వెల్లకిలా పడుకుని రొప్పుతూ నవ్వుతున్న కావ్యను చూస్తే ఆమెకూ నవ్వొచ్చింది. రెండూ నిజమే. సింధూజ పక్కనే కూలబడి నీళ్ళ సీసా ఇచ్చింది.

"ఇగ నీకు ఏ ఏడాదీ ఆఖరు కాదు," అంది.

"నీకు?" అని అడిగింది కావ్య, సీసా ఖాళీ చేస్తూ.

"నాకు మే నెలల బీపీఈడీ అయిపోతది. బోధన్ల ఏదన్న బడిల చేరుత." బూటు లేసు విప్పుతూ ఆగింది. "వచ్చే ఓపెన్ల నిన్ను దాటుత. సోమవారం ఐదున్నరకు రా."

"ఐదింటికే వస్త," అంది కావ్య.